గవదలు రాసే పెద్దమ్మ

పోయిన నెలలో ఒక తల్లి తన కూతుర్ని మా ల్యాబ్‌కు తీసుకొచ్చింది. పిల్ల రెండో తరగతో మూడో తరగతో చదువుతున్నట్టుంది. రెండు చెంపలూ పూరీల్లా పొంగి ఉన్నాయి. వాటి మీద బట్టలకు పెట్టే నీలిమందు దట్టంగా పట్టించారు. గవదబిళ్ళలని చూడగానే తెలుస్తుంది గానీ, జ్వరం తగ్గడం లేదని డాక్టరు రక్తపరీక్ష రాశారు. నాగర్‌కర్నూల్ సర్కారు దవాఖానలో నేను ల్యాబ్ టెక్నీషియన్ని. సూదిని చూసి పిల్ల తల అటూ ఇటూ విసిరితే ఆ నీలమంతా నా తెల్లకోటుకు అంటింది. నాకు చిరాకేసింది. చిరాకు నాకు కొంచెం తొందరగా వస్తుందని మా ఇంట్లోవాళ్ళూ, దవాఖానలోవాళ్ళూ ఎప్పుడో ఒప్పుకున్నారు.

“గిది ఎవరు పూయమన్నరమ్మా?” అన్నాను.

“మా అత్త పూసింది మేడం. ఏం జెయ్యాలె మరి? రాసేటామె సచ్చిపాయె. ఆమె ఉంటే మేం ఈడిదాంక ఎందుకొస్తుంటిమి?”

ఏ ఊరని అడిగితే ఖిల్లా ఘణపూర్ దిక్కు ఊరి పేరు చెప్పింది. మా పక్క ఊరే. రాసే ఆమె ఎవరని ఇంక అడగాల్సిన పని లేకపోయింది. నా చెంపల మీద రాసిందీ ఆమే.

గవదలు రాయడమంటే అక్షరాలు రాయడం కాదు. ఆమెకు అక్షరాలు రావు. కుండపెంకులో జాజు కలిపి, వేపపుల్లను అందులో ముంచి, చెంప మీది వాపు చుట్టూ గీతలు గీయడమే రాయడం. జాజు అంటే అరుగులకు అలికే ఎర్రమట్టి. ఆమెది కుండలు చేసే ఇల్లు కాబట్టి మట్టికీ పెంకులకూ కొదవ లేదు. మాకు చుట్టం కాదు గానీ, మా ఈడు పిల్లలందరికీ ఆమె పెద్దమ్మ. మా అమ్మలకు అత్త. పేరు పెట్టి పిలిచేవాళ్ళు అప్పటికే ఊళ్ళో ఎవరూ మిగల్లేదు.

పొట్టి మనిషి. నడుస్తుంటే ఎవరి మీదికో కొట్లాటకు పోతున్నట్టు ఉండేది, చాలాసార్లు నిజంగానే పోతుండేది. ఎండకాలం వనపర్తి బజారులో రోడ్డు పక్కన గడ్డి పరిచి కుండలు పెట్టుకునేది. కొనేవాళ్ళు కుండను వేళ్ళతో కొట్టి చూస్తారు కదా. ఒకసారి కొడితే ఊరుకునేది. రెండోసారి కొడితే, “కొంటవా, వాయిస్తవా?” అని అడిగేది. బస్సులో కండక్టరు కుండలకు కూడా టికెట్ తీసుకోమంటే, “అట్లయితే కుండలకు సీటు సూపియ్యి” అని నడిమధ్య నిలబడేది. చివరకు కండక్టరే ఎవరినో లేపి, కుండలను కాదు, ఆమెను కూర్చోబెట్టేవాడు.

ఇంత గయ్యాళి మనిషి దగ్గరికి పొద్దున్నే పిల్లల్ని పట్టుకొని పోయేవాళ్ళంటే మీరే ఆలోచించండి, ఆమె చేతి మీద ఊరికి ఎంత నమ్మకమో.

నాకు గవదలు వచ్చినప్పుడు నేను మూడో తరగతి. మా అమ్మ నన్ను మొహం కూడా కడగనీయకుండా తీసుకుపోయింది. ఏమీ తినకుండా పోవాలి. ముందు పెద్దమ్మ నా నాలుక మీద చింతపండు రవ్వంత పెట్టింది. పులుపు తగలగానే చెవుల కింద పొడిచినంత నొప్పి. చెంపలు పట్టుకొని అరిచాను. “ఆఁ, గవదనే” అన్నది. అరవకుండా చప్పరించే పిల్లలుంటే వాళ్ళ అమ్మ వైపు తిరిగి, “పిప్పిపన్ను ఉన్నది, నా తానకెందుకు తెచ్చినవు?” అని కసిరేది.

తరవాత నన్ను తూర్పుముఖంగా గడప మీద కూర్చోబెట్టి రాయడం మొదలుపెట్టింది. వాపు చుట్టూ ఒక చుట్టు, లోపల ఇంకో చుట్టు, కుమ్మరి సారె తిరిగినట్టు. తడి జాజు చల్లగా హాయిగా ఉండింది. రాస్తున్నంతసేపూ ఆమెకు ఆవలింతలు. మామూలు ఆవలింతలు కావు, దవడ ఊడిపోతుందేమో అన్నంత పెద్దవి. దిష్టి తీసేవాళ్ళకు వచ్చినట్టే. ఎంత పెద్ద ఆవలింత వస్తే జబ్బు అంత గట్టిదని మా అమ్మ అరుగు మీద కూర్చొని లోపల్లోపల భయపడుతుండింది.

అన్నీ అయ్యాక అసలుది చేసింది. నా చెవి దగ్గర్నుంచి గదవ దాకా, అంటే గడ్డం దాకా, అరచేత్తో నిమిరి, దేన్నో పట్టుకున్నట్టు గుప్పిట మూసి, ఆ గుప్పిటను తన ఎడమ చెవి కింద గట్టిగా రుద్దుకుంది.

“ఇగ గిది నా తాన ఉంటది. నువ్వు పో” అన్నది.

పోయేటప్పుడు “పోయొస్త” అనకూడదు. వెనక్కి తిరిగి చూడకూడదు. నేను ఏమీ అనకుండా వచ్చేశాను. మా తమ్ముడు మరుసటి వారం తనకు వచ్చినప్పుడు అలవాటుకొద్దీ “పోయొస్త పెద్దమ్మా” అన్నాడు. నాలుగు రోజులకు వాడికి రెండో చెంప కూడా వాచింది. గవద ఒక చెంప నుంచి రెండో చెంపకు పోవడం మామూలేనని నాకు ఇప్పుడు తెలుసు. ఆ రోజు మాత్రం తప్పంతా వాడి నోటిదే అయింది. పెద్దమ్మ వాణ్ణి తిట్టి, రెండో చెంప కూడా రాసి, రెండోసారి కూడా తన చెవి కిందే రుద్దుకుంది.

గవదలు వారం పది రోజుల్లో వాటంతట అవే పోతాయి. రాసినా పోతాయి, రాయకపోయినా పోతాయి. అందుకే ఆమె చెయ్యి పడితే తగ్గనిదంటూ లేదని పేరు వచ్చింది. పైసలు ఇస్తే తీసుకునేది కాదు. పిడికెడు పల్లికాయ ఇస్తే అక్కడే ఒలుచుకొని తినేది.

నేను ల్యాబ్ కోర్సు చదువుతున్నప్పుడు సెలవులకు ఊరికి పోతే, ఆమె ఎడమ చెవి కింద రేగుపండంత గడ్డ కనిపించింది. నొప్పి లేదన్నది. వేలితో తాకితే లోపల కదులుతోంది. ఆ తరవాత ఏటేటా చూస్తూనే ఉన్నాను. రేగుపండు నిమ్మకాయ అయింది, నిమ్మకాయ జామకాయ అయింది. చెవితమ్మె బయటికి లేచి నిలబడింది. ఆ దిక్కున కమ్మ పెట్టుకుంటే ఎటో చూస్తున్నట్టు వంకరగా వేలాడేది.

ఊళ్ళో ఒక్కరికి కూడా అది ఎందుకు వచ్చిందన్న అనుమానం రాలేదు. ఇంతమంది పిల్లల వాపులు తీసి ఆమె ఎక్కడ రుద్దుకుంది? అక్కడే వచ్చింది. ఇంకేం కావాలి? పైగా ఆమె దాన్ని దాచుకునేది కాదు. నల్లా దగ్గర బిందెల కోసం ఎవరితోనైనా మాటామాటా పెరిగితే కొంగు పక్కకు తీసి గడ్డ చూపించి, “నీ కొడుకుది గూడ ఉన్నది గిండ్ల. వాపస్ ఇయ్యాల్నా?” అనేది. అవతలి మనిషి బిందె తీసుకొని గప్‌చుప్‌గా పోయేది. నేను కళ్ళారా చూశాను.

నోట్లో ఉమ్మి ఊరడానికి చెవి ముందూ, చెవి కిందా ఒక గ్రంథి ఉంటుంది. లాలాజల గ్రంథి అంటారు. గవదలకు వాచేది అదే గ్రంథి. ఆమెకు గడ్డ లేచిందీ అందులోనే. ఈ రెంటికీ ఏ సంబంధమూ లేదు. ఆమెకూ ఊరికీ ఆ సంగతి చెప్పి ఒప్పించడం మాత్రం నా వల్ల కాలేదు.

ఉద్యోగం వచ్చిన రెండో ఏడు పట్టుబట్టి ఆమెను నాగర్‌కర్నూల్‌కు తీసుకొచ్చాను. పరీక్ష చేసే డాక్టరమ్మ సన్నసూదితో గడ్డలోంచి కొంచెం తీసి అద్దం ముక్క మీద పూసింది. రంగు వేసి ఆరబెట్టింది నేను. పెద్దమ్మ బల్ల మీద కూర్చొని చెంప పట్టుకొని నన్నే చూస్తోంది.

“నాకు సూపియ్యి” అన్నది.

సూక్ష్మదర్శిని దగ్గర కూర్చోబెట్టాను. ముందు చాలాసేపు తన రెప్పవెంట్రుకలే చూసి, “ఏందే, గడ్డి ఉన్నది గిండ్ల” అన్నది. తల సరిచేసి పట్టుకున్నాక ఊదారంగు చుక్కలు కనిపించాయి. ఊపిరి బిగబట్టి చూసింది. తరవాత గొంతు తగ్గించి అడిగింది.

“గిండ్ల ఎవరెవరివి ఉన్నయి బిడ్డా?”

“ఎవరివీ లేవు పెద్దమ్మా. అన్నీ నీయే.”

“మరి అన్ని తీర్ల ఉన్నయేంది? కొన్ని గుండ్రంగ, కొన్ని సాగినట్టు?”

అది ఆ గడ్డ స్వభావం. ఒకే గడ్డలో రెండు మూడు రకాల కణాలు కలిసి ఉంటాయి. మిశ్రమ గడ్డ అనే పేరు కూడా ఉంది దానికి. నాకు నోరు ఊరుకోక అదంతా విడమర్చి చెప్పాను. “ఒక్క తీరుగ ఉండయి, రకరకాలవి కలిసి ఉంటయి” అన్నాను.

“నేనన్నది గదేనాయె” అని కుర్చీలోంచి లేచింది.

కేన్సర్ కాదని తేలింది. ఆ మాట విని ఆమె సంతోషించలేదు, ఆశ్చర్యపోలేదు. పిల్లల వాపులు కేన్సర్ ఎందుకవుతాయన్నట్టు చూసింది. ముక్కు, చెవి, గొంతు చూసే డాక్టరు ఓపిగ్గా చెప్పాడు. ఇప్పుడు మంచి గడ్డే గానీ ఏళ్ళ తరబడి వదిలేస్తే కొందరిలో చెడ్డదిగా మారుతుంది, పెరిగేకొద్దీ తీయడం కష్టం, మూతినీ కంటినీ కదిలించే నరం ఆ గ్రంథిలోంచే పోతుంది కాబట్టి హైదరాబాద్‌లో పెద్ద దవాఖానలో తీయించుకోవాలి. అంతటితో ఆగితే బాగుండేది. “జాగ్రత్తగా పొరతో సహా తీయాలమ్మా. చిట్లిందనుకో, గింజలు పడ్డట్టు అక్కడక్కడా పడి మళ్ళీ మొలుస్తుంది” అని కూడా అన్నాడు.

పెద్దమ్మ తల పైకెత్తింది. “ఏడేడ పడుతది సారూ?”

“ఆ చుట్టుపక్కలే.”

“సుట్టుపక్కలంటే?”

డాక్టరుకు ఆమె ఏం అడుగుతున్నదో అర్థం కాలేదు. నాకు అర్థమై తల పట్టుకున్నాను.

ఊరికి పోయే బస్సులో, బిజినేపల్లి దాటిన తరవాత తేల్చి చెప్పింది.

“నేను తీపిచ్చుకోను. గిది నాదొక్కదానిదైతే ఎప్పుడో కోసి పారేస్తుంటి. గిది కోస్తే యాడికి పోతది? యాడికెంచి వచ్చిందో ఆడికే పోతది. పిల్లలు ఒగడు పూణెల ఉన్నడు, ఒగడు బొంబైల ఉన్నడు, ఒగడు దుబాయ్‌ల ఉన్నడు. ఆడ రాసేటోళ్ళు ఉన్నరా?”

“పెద్దమ్మా, గడ్డ నీది. నీ ఒంట్లె పుట్టింది. వేరేటోళ్ళది జర్రంత గూడ లేదు.”

“నీది గూడ ఉన్నది గిండ్ల” అని కిటికీ వైపు తిరిగింది.

నాకు ఒళ్ళు మండింది. దాని వెనక భయం కూడా ఉంది, అది చెప్పకపోతే అబద్ధమవుతుంది. చెడ్డగా మారిన గడ్డల స్లైడ్లు నేను చూస్తుంటాను. వాటి మీద రాసి ఉన్న పేర్లు చదవకుండా పని చేయడం అలవాటు చేసుకున్నాను. ఆమె పేరు అట్లా చదవకుండా పక్కన పెట్టే రోజు వస్తుందేమోనని భయం. గద్వాల నుంచి ఆమె కూతురు వచ్చి ఏడ్చింది, బతిమాలింది, అలిగి పోయింది. ఆమెకు ఉన్నది ఈ ఒక్క కూతురే. అయినా పెద్దమ్మ కదల్లేదు. ఏడాది గడిచింది. గడ్డ దాని పని అది చేసుకుంటూ పోయింది.

ఆ ఏడాది పొడుగునా ఊరికి పోయినప్పుడల్లా మా ఇద్దరికీ అదే గొడవ. నేను డాక్టర్ల మాటలు చెప్పేదాన్ని, ఆమె పిల్లల పేర్లు చెప్పేది. ఇల్లిల్లూ వరసగా చెప్పుకుంటూ వచ్చేది. ఎవరి వాపు గట్టిదో, చింతపండుకు ఎవరు ఎక్కువ అరిచారో అన్నీ గుర్తే. మా తమ్ముడి పేరు వచ్చినప్పుడు మాత్రం, “వాడు రెండుసార్లు” అని ప్రత్యేకంగా చెప్పేది. ఎంతమంది అని అడిగితే చెప్పలేదు. పిల్లల్ని లెక్కపెట్టకూడదట.

ఈ లోపల నేను హైదరాబాద్‌లో ఆపరేషన్ గురించి వాకబు చేశానని ఊళ్ళో పొక్కింది. వాకబు వరకే. కానీ ఊళ్ళో అది రోజు కూడా ఖాయమైనట్టు తిరిగింది. ఒక ఆదివారం నేను పెద్దమ్మ ఇంటి అరుగు మీద కూర్చొని ఉన్నాను. ఆమె విత్తనానికి పల్లికాయ ఒలుస్తోంది. ఆ వాడలోనే ఉండే, ఆమెకు కోడలి వరసయ్యే ఒకామె సంచిలో అరటిపండ్లు పెట్టుకొని వచ్చింది. ఆమె కొడుకు పూణె దిక్కు లారీ నడుపుతాడు. చిన్నప్పుడు వాడికి గవదలు రాసింది పెద్దమ్మే.

“అత్తా, గడ్డ తీపిచ్చుకుంటున్నవంట గద” అన్నది, నిలబడే.

“ఎవరన్నరు?”

“అంత అంటున్నరు.” అరటిపండ్లు అరుగు మీద పెట్టి, చేతులు కట్టుకుంది. మంచి మనిషే. ఒకరి జోలికి పోయేది కాదు. “అత్తా, నా కొడుకు లారీ మీద ఉంటడు. రాత్రనక పగలనక తిరుగుతడు. నడి తొవ్వల మొకం వాస్తే సూసేటోళ్ళు లేరు. గిన్నేండ్లు ఉంచుకున్నవు. ఇంక కొన్ని దినాలు ఉంచుకుంటే నీకేం బరువా?”

“కొన్ని దినాలంటే ఎన్ని దినాలే?”

“నువ్వు ఉన్నన్ని దినాలు” అని, అన్నాక నాలిక కరుచుకుంది.

పెద్దమ్మ ఒలవడం ఆపింది. ఏడాది నుంచి నాతో ఆమె చెప్తున్నదీ అదే మాట. ఒక్క అక్షరం తేడా లేదు. కానీ అదే మాట ఇంకొకరి నోటి నుంచి, అరటిపండ్లతో సహా వచ్చేసరికి ఆమె మొహం మారిపోయింది.

“నేను ఉంచుకున్న” అన్నది మెల్లగా. “నాకు నేను ఉంచుకున్న. మీరు ఎవరన్న అడిగిన్రా? అడగలే. గిప్పుడు ఉంచుకొమ్మని చెప్పనీకె వచ్చినవా?”

“అట్ల గాదత్తా...”

“ఎట్ల గాదు? నా మెడ మీద ఉన్నదాన్ని ఉంచమనేటందుకు నువ్వెవరే? నువ్వు మొక్కినా ఉంచ, నువ్వు తిట్టినా ఉంచ. పండ్లు తీస్కపో.”

ఆ కోడలు ఏడుపుమొహంతో పోయింది. పండ్లు మరిచిపోతే పెద్దమ్మ లేచి పోయి, సందు మలుపు దగ్గర ఆమె చేతిలో సంచి పెట్టి వచ్చింది. వచ్చి కూర్చొని నన్ను అడిగింది.

“హైదరాబాద్‌కు ఎప్పుడు పోదాం?”

ఏడాది పాటు నేను ఎంత చదువు ఒలకబోసినా కానిది ఒక డజను అరటిపండ్లతో అయింది. నాకు సంతోషంగానూ ఉంది, కొంచెం ఉడుకుగానూ ఉంది. ఆమె ఆ నమ్మకమంతా వదిలేసిందనుకున్నాను. హైదరాబాద్ బస్సులో షాద్‌నగర్ దాటాక నా మోచెయ్యి పొడిచి అడిగింది.

“కోసినదాన్ని ఏం జేస్తరు?”

“మందునీళ్ళ డబ్బాల ఏసి పరీక్షకు పంపుతరు. అయినంక కాలబెడతరు.”

“మూత గట్టిగ పెట్టమను” అన్నది.

ఆపరేషన్‌కు ముందు అక్కడి డాక్టరు మళ్ళీ నరం సంగతి చెప్పాడు. ఎంత జాగ్రత్తగా తీసినా కొన్నాళ్ళు మూతి వంకర పోవచ్చు, కన్ను సరిగ్గా మూతపడకపోవచ్చు అన్నాడు. పెద్దమ్మ అడిగినవి రెండే. “నమలొస్తదా? తిట్టొస్తదా?” ఆ డాక్టరుది ఏ ఊరో గానీ అతనికి ఆమె వెంటనే అర్థమైంది. “రెండూ వస్తయమ్మా. తిట్టు జర వంకరగ వస్తది” అన్నాడు. ఆమెకు అతను నచ్చాడు.

అన్నట్టే అయింది. నాలుగైదు నెలలు మూతి ఎడమ కొస కిందికి జారి ఉండింది. వంకర మూతితో తిడుతుంటే ఊళ్ళో నవ్వొచ్చినా ఎవరూ నవ్వలేదు. తరవాత అది సర్దుకుంది. చెవితమ్మెకు స్పర్శ మాత్రం తిరిగి రాలేదు. ఒకసారి కమ్మ ఊడి పడిపోతే తెలియక, రెండు రోజులు ఒంటి కమ్మతో తిరిగి, చెప్పనందుకు ఊరందర్నీ తిట్టింది. ఇంకో వింత కూడా మిగిలింది. పచ్చిపులుసు పోసుకొని అన్నం తింటుంటే కోసిన చోట చెంప మీద చెమట పోసేది. ఒక్క అక్కడే. ఉమ్మి ఊరించే నరాలు కోతలో తెగి, తిరిగి పెరిగేటప్పుడు తోవ తప్పి చెమట గ్రంథులకు అతుక్కుంటే అట్లా అవుతుంది. ఆమె అది దాచుకోలేదు సరికదా, ఇంటికి వచ్చినవాళ్ళను కూర్చోబెట్టి చూపించేది. “బోరు మోటర్ లెక్క. ఈడ నోరు ఆడిస్తే ఆడ నీళ్ళొస్తయి” అని కొంగుతో తుడుచుకునేది.

గవదలు రాయడం మానలేదు. వచ్చేవాళ్ళు తగ్గారు. అయినా వచ్చిన పిల్లలకు రాసింది. రాసినాక చెయ్యి ఎక్కడ రుద్దుకుంటున్నావని నేను ఒకసారి అడిగాను. “నీకెందుకు?” అన్నది.

రెండేళ్ళ కింద గద్వాలలో కూతురింట్లో పోయింది. నిద్రలోనే. గడ్డకూ ఆ చావుకూ సంబంధం లేదు. తీసిన గడ్డ మంచిదేనని రిపోర్టు వచ్చింది, మళ్ళీ లేవలేదు. నేను గద్వాల పోయి చూసి వచ్చాను. మొహం మీద ఎడమ చెవి ముందు నుంచి మెడ దాకా సన్నటి గీత తప్ప ఏమీ లేదు. అక్కడ ఆమెను ఎరిగినవాళ్ళు కూడా ఎక్కువ మంది లేరు. నేను బాగా ఏడ్చాను. ఆమె ఎవరని నన్ను అడిగినవాళ్ళకు పెద్దమ్మ అని మాత్రం చెప్పాను.

అయినా ఆమె అనగానే నాకు ముందు గుర్తొచ్చేది గద్వాల కాదు, హైదరాబాద్ దవాఖానలో ఆపరేషన్ అయిన రోజు సాయంత్రం. పొద్దున తీసుకుపోయారు. మధ్యాహ్నం దాటాక తెచ్చి వార్డులో పడుకోబెట్టారు. తల చుట్టూ, గదవ కిందా కట్టు. కట్టు పక్కనుంచి సన్నటి గొట్టం. మూతి అప్పుడే ఒక పక్కకు జారింది. కూతురు మందులు తేవడానికి కిందికి పోయింది. పూర్తిగా తెలివి వచ్చాక కొద్దికొద్దిగా నీళ్ళు పట్టవచ్చని నర్సు చెప్పి పోయింది. నేను గ్లాసూ చెంచా పట్టుకొని మంచం పక్కన కూర్చున్నాను.

కళ్ళు తెరిచింది. ఎడమ కన్ను నిద్రలో కూడా పూర్తిగా మూతపడలేదు. పెదవులు ఎండి పగిలి ఉన్నాయి. రాత్రి నుంచి ఆమె గొంతులోకి చుక్క నీళ్ళు పోలేదు. చెంచా నోటి దగ్గర పెట్టాను. పండ్లు బిగపట్టి మొహం తిప్పుకుంది.

“నీళ్ళు పెద్దమ్మా. తాగొచ్చన్నరు.”

వద్దన్నట్టు వేలు ఆడించి, దగ్గరికి రమ్మని సైగ చేసింది. ఏదో చెప్తుందేమోనని చెవి ఆమె నోటి దగ్గర పెట్టాను. కాదని నా గదవ పట్టుకొని మొహం తనవైపు తిప్పుకుంది. సెలైన్ సూది ఉన్న చెయ్యీ, లేని చెయ్యీ రెండూ లేపి, నా చెవుల కింద వేళ్ళు పెట్టి ఒత్తింది. ముందు ఎడమ పక్క. కిందికి, పైకి, చెవి వెనక్కి. తరవాత కుడి పక్క. కుండ ఆరిందో లేదో చూసినట్టు ఒక్కో జాగా ఆగి ఆగి ఒత్తి చూసింది. అప్పటికి గానీ ఆమె ఏం వెతుకుతున్నదో నాకు అర్థం కాలేదు. నేను ఏ శాస్త్రమూ చెప్పలేదు. మెడ చాచి అట్లాగే కూర్చున్నాను.

“నీకు లేదు” అన్నది. వంకర పోయిన నోట్లోంచి మాట ముద్దగా వచ్చింది.

“లేదు పెద్దమ్మా.”

“తమ్మునికి ఫోన్ కల్పు.”

మా తమ్ముడు బెంగళూరులో మెకానిక్. మొదటిసారి ఎత్తలేదు. మళ్ళీ చేయమంది. మళ్ళీ చేశాను. ఎత్తాక ఫోన్ ఆమె కుడి చెవి దగ్గర పెట్టాను.

“సెంపలు ఒత్తి సూస్కో” అన్నది.

వాడికి ఏమీ అర్థం కాలేదు. ఎవరు, ఏందంటున్నవు అని అరుస్తున్నాడు. నేను ఫోన్‌లోకి వంగి, “పెద్దమ్మ. చెప్పినట్టు చెయ్యి” అన్నాను. షెడ్డులో ఎవరో ఇనుము మీద కొడుతున్న చప్పుడు వినిపించింది.

“ఏం లేదు పెద్దమ్మా” అన్నాడు.

“రెండు దిక్కుల?”

“రెండు దిక్కుల.”

పెద్దమ్మ కళ్ళు మూసుకుంది. ఎడమ కన్ను సగం తెరుచుకునే ఉంది. అప్పుడు నీళ్ళకోసం నోరు తెరిచింది.